గాలానికి సెలవులు

ఇంగ్లండులో ట్రౌట్ అనే చేపకి పురిటి సెలవు వుంది. ఒకటీ రెండూ కాదు, ఇంచుమించు అయిదు నెలలు. అక్టోబరు మొదట్లో నదులు మూస్తారు, మార్చి నడిమికి తెరుస్తారు. తేదీలు ప్రాంతానికి ఒక తీరుగా వుంటాయనుకోండి. ఆ మధ్యకాలంలో నదిలో పుట్టి పెరిగిన గోధుమరంగు ట్రౌట్‌ని పట్టడం నేరం. ఎందుకంటే చలి ముదిరే నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఆడచేప పారే నీళ్లలో గులకరాళ్ల మీద పక్కకి వాలి, తోకతో కొట్టి కొట్టి గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి, పైన మళ్లీ గులకరాళ్లే కప్పుతుంది. చలికాలమంతా ఆ గుడ్లు రాళ్ల సందుల్లోనే, చల్లటి ప్రవాహం వొరుసుకుంటూ పోతూంటే, మెల్లిగా పిల్లలవుతాయి. ఆ రాళ్ల మీద ఓ పెద్దమనిషి బూట్లేసుకుని నడిచాడంటే ఎన్ని ప్రాణాలు కాలికింద పోతాయో లెక్క వుండదు.

చేపకి సెలవిచ్చారు, బాగానే వుంది. మరి చేపలు పట్టేవాడు ఈ అయిదు నెలలూ ఏం చేస్తాడు?

అతని కష్టం అర్థం కావాలంటే ఆ ఆటేమిటో కాస్త చెప్పాలి. మన చెరువుగట్టు మీద వానపామును గుచ్చి కూర్చునే గాలం కాదిది. ఈకలూ, బొచ్చూ, పట్టుదారమూ కలిపి చిన్న కొక్కేనికి చుట్టి, అచ్చం ఈగలా తయారుచేస్తారు. ఆ ఈగకి బరువెక్కడిది? అందుకని బరువంతా దారంలో పెట్టారు. కొరడా ఝళిపించినట్టు ఆ లావుపాటి దారాన్ని వెనక్కీ ముందుకీ ఝళిపిస్తే, చివర కట్టిన ఈగ వెళ్లి నీటిమీద పువ్వులా వాలుతుంది. చేప నిజం ఈగనుకుని నోరు తెరుస్తుంది. అంతే. ఇంతోటి దానికి వాళ్ల దగ్గర అయిదువందల ఏళ్ల సాహిత్యం వుంది! 1496లో అచ్చయిన మొదటి ఇంగ్లీషు పుస్తకాన్ని ఒక సన్యాసిని రాసిందని చాలాకాలం చెప్పుకున్నారు. జులియానా బెర్నర్స్ అని ఆవిడ పేరు. అబ్బే, ఆవిడ రాసివుండదని ఇప్పటి పండితులు తలలూపుతున్నారు. ఆడమనిషి రాసిందంటే ముందు సందేహించడం అన్ని దేశాల పండితులకీ వున్న అలవాటే. ఆ తర్వాత 1653లో ఐజాక్ వాల్టన్ రాసిన ‘ది కంప్లీట్ ఆంగ్లర్’ ఇప్పటికీ అచ్చవుతూనే వుంది. దానికి 1676లో ఈగ గాలం గురించి రెండో భాగం చేర్చిన చార్లెస్ కాటన్‌ది స్టాఫర్డ్‌షైర్. అక్కడి డవ్ నది ఒడ్డున చేపలు పట్టేందుకే ఆయన కట్టించుకున్న చిన్న రాతి ఇల్లు ఇప్పటికీ నిలిచివుంది.

మా చెల్లెలు కాపురం డెర్బీలో. ఒక చలికాలం నేను అక్కడున్నప్పుడు పక్కింటి పెద్దాయన్ని దగ్గరుండి చూశాను. రిటైరయి చాలా ఏళ్లయింది. వాళ్లావిడ మా చెల్లెలికి ఊరగాయల స్నేహితురాలు. మన మాగాయ తిని కళ్లనీళ్లు తుడుచుకుంటూ ‘ఇంకొంచెం’ అనే రకం. మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడిపోయే ఆ జనవరిలో నాకు పొద్దు పోయేది కాదు. వాళ్ల వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, ఆయన సామానంతా పరిచి తుడుచుకోవడం చూస్తూండేదాన్ని.

ఏం శ్రద్ధ! ముందు దారం. ముప్పై గజాలు వుంటుంది. చక్రం మీదనుంచి మొత్తం విప్పి, గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు వేసి, మెత్తటి గుడ్డ మధ్య పట్టి లాగుతాడు. వేసవంతా నదిలో పట్టిన పాచీ మురికీ నల్లటి చారగా గుడ్డకి వస్తుంది. తరవాత మంచినీళ్లతో మరోసారి. ఆరాక దాన్ని చక్రానికి బిగించి చుట్టడు. పెద్ద పెద్ద చుట్టలుగా, వదులుగా చుట్టి మేకుకి తగిలిస్తాడు. బిగించి చుడితే చలికాలమంతా ఆ మెలికలు దారానికి గుర్తుండిపోతాయట. వసంతంలో విప్పితే స్ప్రింగులా లేస్తుందట. “దారానికి జ్ఞాపకశక్తి ఎక్కువండీ, మా ఆవిడలాగ” అన్నాడు. ఆవిడ వినిపించుకోనట్టే గిన్నెలు కడుక్కుంటోంది.

చక్రం విప్పి పాత గ్రీజు తుడిచి ఒక్క చుక్క నూనె వేస్తాడు. పరుగెత్తే చేపని నిలబెట్టేందుకు అందులో ఒక బిగింపు వుంటుంది. సెలవుల్లో దాన్ని పూర్తిగా వదులు చేసి పెట్టాలి. లేకపోతే లోపలి బెరడు బిళ్ల నలిగి అలాగే వుండిపోతుంది. కర్ర వాళ్ల నాన్నది. చైనా నుంచి వచ్చే గట్టి వెదురుని ఆరు బద్దలుగా చీల్చి, అంచులు చెక్కి, ఆరు పలకల కర్రగా అతికించింది. తడి గుడ్డసంచిలో పెట్టి మూతేస్తే బూజు పట్టి అతుకు వూడుతుంది. గోడకి వాలిస్తే వంకర తిరుగుతుంది. ఆరబెట్టి, తుడిచి, ఆరిన సంచిలో పెట్టి నిలువునా వేలాడదీస్తాడు. గుండెల దాకా వచ్చే నీళ్లు పట్టని లాగు ఒకటుంది. దాంట్లో టార్చిలైటు వేసి, ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, ఎక్కడన్నా సూదిమొనంత వెలుతురు బయటికి వస్తుందేమోనని వెతుకుతాడు. ఆ పావుగంటా పెద్దావిడ చీకట్లో అల్లిక పట్టుకుని కూర్చుంటుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఈగల వైద్యం. వేసవంతా చేపలు నమిలి, పెట్టెలో అణిగి, ఈకలు నలిగిపోయిన ఈగని పట్టకారుతో పట్టుకుని మరిగే కెటిల్ ముక్కు దగ్గర ఆవిరిలో పెడతాడు. చూస్తూండగానే ఒక్కొక్క ఈకా విచ్చుకుని నిక్కబొడుచుకుంటుంది. “టీకి నీళ్లు పెట్టమంటే ఈగలకి జలుబు తగ్గిస్తున్నాడు” అంటుంది ఆవిడ. ఆ తర్వాత వాటిని బాగా ఆరనిచ్చి పెట్టెలో పెట్టాలి. ఒక్క ఈగ తడిగా వున్నా దాని తుప్పు పక్కవాటికి అంటుతుంది. చిమ్మటలు ఈకలు కొట్టెయ్యకుండా పెట్టె వున్న అలమరలో మనం పట్టుచీరల మధ్య వేసుకునే కలరా ఉండలే వేస్తాడు. ఆ వాసనకి నాకు మా అమ్మ బీరువా జ్ఞాపకం వచ్చింది.

ఇంతదాకా చూసి, ఇదంతా మనకి తెలిసిన వ్యవహారమే కదా అనుకున్నాను. బొమ్మల కొలువు అయిపోయాక బొమ్మల్ని పాతచీర పేలికల్లో చుట్టి అటకెక్కించడం, జాడీలు కడిగి ఎండబెట్టడం... పనికిరాని కాలంలో వస్తువుని కనిపెట్టుకుని వుండటం ఆడవాళ్లకి కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. మగవాడు చేస్తే దానికి ‘హాబీ’ అని పేరొస్తుంది, అంతే తేడా.

కాని ఆ సాయంత్రం చివర ఆయన చేసిన పని ఒకటుంది. అది చూశాకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

గాలం కొక్కేనికి మొన దగ్గర వెనక్కి తిరిగిన ఒక చిన్న ఎదురుముల్లు వుంటుంది. గుచ్చుకున్నది జారిపోకుండా అది పట్టుకుంటుంది. లోపలికి పోవడం తేలిక. బయటికి తియ్యాలంటే మాంసం చీల్చుకుని రావాల్సిందే. ఆయన చదును మూతి పటకారు తీసుకుని, కొత్తగా కట్టిన ఒక్కొక్క ఈగకీ ఆ ముల్లుని నొక్కి అణచేస్తున్నాడు. నొక్కాక పాత నూలు చేతిరుమాలులో గుచ్చి వెనక్కి లాగి చూస్తాడు. పోగు పట్టుకుందంటే ముల్లు ఇంకా వుందన్నమాట. మళ్లీ నొక్కుతాడు. ముల్లు లేని కొక్కెం చేప నోట్లోంచి ఇట్టే వచ్చేస్తుంది. చేప నీళ్ల బయట వుండాల్సిన క్షణాలు తగ్గుతాయి. ఈ పెద్దాయన పట్టిన ప్రతి చేపనీ వదిలేస్తాడు మరి. వల కూడా మార్చాడు. ముడులున్న నైలాను వల చేప వొంటిమీది జిగురుపొరని గీరేస్తుందని, ముడుల్లేని రబ్బరు వల బిగించాడు.

“ఇదేదో నదిలోనే చేసుకోవచ్చుగా, ఇప్పుడెందుకు?” అని అడిగాను.

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని అన్నాడు: “నది దగ్గర నన్ను నేను నమ్మనండీ. అక్కడ పెద్దచేప తిరుగుతూ కనిపిస్తుంటే నా చేతులు ముల్లున్న ఈగనే వెతుకుతాయి. అది జారిపోతే ఎలా అనిపిస్తుంది. అందుకని జనవరిలో, చేప ఎదురుగా లేనప్పుడే, పెట్టెలో ముల్లున్నది ఒక్కటీ లేకుండా చేసేస్తాను.”

నేను చాలాసేపు ఆ మాటే ఆలోచించాను. దయ అంటే ఎదుటివాళ్ల బాధ చూడగానే లోపలినుంచి పొంగుకొచ్చేదని మనం కథల్లో రాస్తాం, నేనూ చాలా రాశాను. అలా పొంగే దయ లేదనను. కాని పొంగేది పాలలాంటిదే కదా, ఒక్కోరోజు పొంగదు, విరుగుతుంది. ఆశ ఎదురుగా నిలబడ్డప్పుడు మనసు ఎన్ని కారణాలైనా చెప్తుంది. మా అమ్మమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది, అడగవచ్చినవాళ్లకని. వండాక చూద్దాం, మిగిలితే పెడదాం అనుకునే ఇంట్లో ఎప్పుడూ ఏమీ మిగలదు. ఇది మీకూ అనుభవమే. ముందే తీసిన పిడికెడులో కరుణ పొంగడమేం లేదు. ఆవిడ ఆ సమయంలో కోడలిని కసురుతూ కూడా వుండేది. అయినా గుమ్మంలోకి వచ్చినవాళ్ల చేతిలో బియ్యం పడేవి. ఈ పెద్దాయన పటకారు కూడా ఆ జాతిదే అనిపించింది నాకు.

మీరిప్పుడు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. అంత దయగలవాడు అసలు గాలమే వెయ్యకుండా వుండొచ్చుగా?

ఇది ఇవాళ పుట్టిన ప్రశ్న కాదు. కవి బైరన్ తన ‘డాన్ జువాన్’ కావ్యంలో వాల్టన్‌ని క్రూరుడని తిట్టిపోసి రెండువందల ఏళ్లయింది. చేపకి నొప్పి తెలియదులే అని సర్దుకునేవాళ్లకి 2003లో గట్టి దెబ్బ తగిలింది. స్కాట్లండులోని రోస్లిన్ సంస్థలో లిన్ స్నెడ్డన్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులూ ట్రౌట్ మూతిలో నొప్పిని గ్రహించే నాడులున్నాయని చూపించారు. పెదాల్లో మంట పుట్టించే మందు ఎక్కించిన చేపలు మేత మానేసి, వొళ్లు అటూ ఇటూ వూపుతూ, కొన్ని పెదాల్ని గులకరాళ్లకేసి రుద్దుకున్నాయట. అది నొప్పేనా, ఉత్త స్పందనేనా అని ఇంకా వాదించేవాళ్లున్నారు. పిల్లాడు పళ్ల నొప్పితో దవడ దిండుకేసి రుద్దుకోవడం చూసిన తల్లికి ఆ వాదన రుచించదు.

స్విట్జర్లండు వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. 2008లో వచ్చిన జంతు సంరక్షణ నిబంధనల్లో ఎదురుముల్లుని కొద్ది మినహాయింపులతో నిషేధించారు. అంతేకాదు, వదిలేద్దామనే ఉద్దేశంతోనే చేపని పట్టడాన్ని కూడా నిషేధించారు! తినడానికైతే పట్టు, ఆటకైతే వొద్దు. ఇది తెలిసినప్పుడు నాకు కాసేపు తల తిరిగింది. మనం ‘అయ్యో వదిలేశాడు, పుణ్యాత్ముడు’ అంటామే, ఆ వదిలేవాడే అక్కడ దోషి. కూరకోసం పట్టినవాడు ఆకలి అనే కారణం చూపించగలడు. వదిలేవాడు ఏం చూపిస్తాడు?

నేను పెద్దాయనని ఆ మాటే అడిగాను, మెత్తగానే. ఆయన కోర్టు కథ చెప్పాడు. డెర్బీలో పారే డర్వెంట్ నదిలోకి ఒకప్పుడు ఊరి కార్పొరేషన్ మురుగూ, కృత్రిమ పట్టు ఫ్యాక్టరీ వ్యర్థాలూ, కరెంటు స్టేషన్ వేడినీళ్లూ వదిలేవారు. చేపలు లేకుండా పోయాయి. ‘ప్రైడ్ ఆఫ్ డెర్బీ’ అనే గాలాలవాళ్ల సంఘం దావా వేసి, 1953లో అప్పీలు కోర్టులో ముగ్గురిమీదా గెలిచింది. ఇలాంటి దావాలకి అండగా వుండటానికని 1948లోనే గాలాలవాళ్లు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. “చేప కోర్టుకి వెళ్లలేదు కదండీ. మేం వెళ్లాం. మాకు గాలం లేకపోతే ఆ నది సంగతి ఎవరికి పట్టేది?” అన్నాడు.

కథ నిజమే, గొప్పదే. కాని సమాధానం కాదు. నదిని ప్రేమించడానికి చేప పెదవి కుట్టక్కర్లేదు. ఆ మాట ఆయనతోనూ అన్నాను. ఆయన కాదనలేదు. బల్లమీద వున్న చిన్న ఆకురాయి తీసుకుని, ముల్లు నొక్కిన కొక్కేల మొనలు పదును పెట్టడం మొదలెట్టాడు. మొద్దు మొన నోటిని చీలుస్తుంది, పదునైనది శుభ్రంగా దిగుతుంది, అదీ మేలుకేనట. ఒక చేత్తో ముల్లు అణచడం, ఇంకో చేత్తో మొన నూరడం! నవ్వొచ్చింది నాకు, కోపమూ వచ్చింది. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. తను చేసే తప్పుని పూర్తిగా మానలేని మనిషి, దాని ముల్లునైనా ముందుగా తీసిపెట్టుకోవడం ఏమీ చెయ్యకపోవడంకంటే నయం. మనలో చాలామందికి వుండేది ఆ పాటి మంచితనమే. దాన్ని పూర్తి మంచితనమని పిలుచుకుంటేనే నాకు అభ్యంతరం.

ఇంకొకటి. నదికి సెలవంటే ఆయనకి కాలక్షేపం కరువవడం. పింఛను ఎక్కడికీ పోదు. మన తూర్పుతీరంలోనూ చేపకి సెలవుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు సముద్రంలోకి పోకూడదు. కారణం అదే, చేపలు గుడ్లు పెట్టే కాలమని. విశాఖలోనూ కాకినాడలోనూ పడవలు ఒడ్డుకి చేరతాయి. చెక్కకి రంగు వేస్తారు, ఇంజన్లు విప్పుతారు, వలల కన్నులు ఒక్కొక్కటే వెతికి అల్లుతారు. ఆ చేతుల్లోనూ ఇంతే శ్రద్ధ వుంటుంది. ప్రభుత్వం భృతి ఇస్తుంది, నిజమే. అయినా ఆ రెండు నెలలూ ఇల్లు ఎలా నడిచిందో అక్కడి ఇల్లాళ్లని అడగాలి. చేపమీద దయ తలిచేది మనమందరమూనూ, దాని ఖర్చు రాసుకునేది వాళ్లూనూ. చేప ధర పెరిగిందని మే నెలలో బజారులో విసుక్కునేటప్పుడు ఈ మాట ఎంతమందికి గుర్తొస్తుంది?

మేగన్ బాయిడ్ సంగతి నాకు చెప్పింది పెద్దావిడ. స్కాట్లండు ఉత్తరాన బ్రోరా ఊరి దగ్గర సముద్రపు వొడ్డున ఒక చిన్న యింట్లో వొంటరిగా బతికింది మేగన్. 1915లో పుట్టి 2001లో పోయింది. చిన్నప్పుడు ఒక అడవి కాపలాదారు దగ్గర ఈగలు కట్టడం నేర్చుకుంది. కట్టిన ఈగని విప్పేసి, ఆ ఈకలతోనే మళ్లీ కట్టడం ఆవిడ చేసిన అభ్యాసం. ఆ తర్వాత కళ్లు పూర్తిగా దెబ్బతినేదాకా, కిటికీ ముందు కూర్చుని, సాల్మన్ చేపల గాలాలకి ఈగలు కడుతూనే వుంది. యువరాజు చార్లెస్ దగ్గర్నుంచి దేశదేశాలవాళ్లూ ఆవిడ చేతిపనికోసం ఎదురుచూసేవారు. 1971లో ఆవిడకి బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇస్తామంటే, కుక్కని చూసుకునేవాళ్లు లేరని లండన్ రాలేనంది. అలాంటి మనిషి జీవితంలో ఒక్క చేపనీ పట్టలేదు. చంపడం ఆవిడకి ఇష్టం లేదట.

ఆ కథ విని నేను ముచ్చటపడ్డాను. కాసేపటికి ముచ్చట తగ్గింది. తను గాలం వెయ్యలేదు సరే, ఆ వేలకొద్దీ ఈగలు ఎక్కడికి వెళ్తున్నాయో ఆవిడకి తెలియదా? ఇంట్లో మాంసం ముట్టకుండా మసాలా మాత్రం నూరి ఇచ్చే అత్తగార్లు మనకీ వున్నారు. వాళ్లని వేలెత్తి చూపడానికి నాకు నోరు రాదు. చేతుల్లో విద్య వున్నప్పుడు దాన్ని వాడకుండా వుండటం ఎంత కష్టమో రాసేవాళ్లకీ, వండేవాళ్లకీ తెలుసు. మేగన్‌ది అమాయకత్వమా, గడుసుతనమా అని పెద్దావిడని అడిగాను.

“అదంతా నాకు తెలీదు. ఆవిడ కట్టిన ఈగలు రెండు మా ఇంట్లో వున్నాయి” అని గోడకేసి చూపించింది. చిన్న చెక్క ఫ్రేములో, నీలమూ పసుపూ కలిసిన ఈకలతో రెండు ఈగలు. వాటిని నీళ్లలో వెయ్యడానికి ముసలాయనకి చేతులు రాలేదట. దగ్గరికెళ్లి చూశాను. ఎదురుముళ్లు అలాగే వున్నాయి.

“వాటికి నొక్కలేదేం?” అన్నాను.

“ఎందుకూ, గోడమీదే వుంటాయిగా” అంది ఆవిడ, కెటిల్ నింపుతూ.